లామ్డా ఫేజ్‌లో రైబోజోమ్ ఇంకాస్త ముందుకెళ్తే ఎన్ ప్రోటీన్ పని ఎందుకు చెడుతుంది?

రమ్య, ఎంవీపీ కాలనీ
సోమవారం నా ఎమ్మెస్సీ సెమినార్, ఒకటే టెన్షన్. ఈకోలై బ్యాక్టీరియాలో రో ప్రోటీన్ ఖాళీ ఆర్ఎన్ఏని పట్టుకుని, దాన్ని తయారుచేస్తున్న పాలిమరేజ్ ఎంజైమ్‌ని ఆపేస్తుంది. వెనకే ఆ ఆర్ఎన్ఏని చదివి ప్రోటీన్ కట్టే (అదే ట్రాన్స్‌లేషన్) రైబోజోమ్‌లు వస్తుంటే దానికి చోటు దొరకదు. ల్యాక్‌జెడ్ జీన్ మధ్యలో స్టాప్ కోడాన్ (రైబోజోమ్ దిగిపోయే గుర్తు) పడితే దాని తర్వాతి జీన్ ల్యాక్‌వై కూడా తగ్గేది అందుకే. ఇంతవరకు ఓకే. కానీ ఈకోలైకి పట్టే వైరస్ లామ్డా ఫేజ్‌లో మ్యుటేషన్ వల్ల రైబోజోమ్‌లు క్రో జీన్ చివర ఆగకుండా నట్‌ఆర్ అనే ఆర్ఎన్ఏ భాగం మీదుగా పోతే యాంటీటర్మినేషన్ (ఫేజ్ ఎన్ ప్రోటీన్ పాలిమరేజ్‌ని ఆగకుండా నడిపించడం) దెబ్బతింటుందట. కాపాడాల్సిన ట్రాన్స్‌లేషన్ ఇక్కడ చెడగొడుతోందేంటి? సీనియర్ అక్కని అడిగితే "ఫేజ్ కదా, అంతే" అంది!

రామారావు, మద్దిలపాలెం
"అంతే" అంటే ఎలాగమ్మా! సింహాచలం గిరిప్రదక్షిణ మీ కాలనీ మీదుగానే వెళ్తుంది కదా. ఆ జనంలోకి స్కూటర్ దూరదు. జనం రైబోజోమ్‌లు, ఆ స్కూటరే రో. కానీ అదే రోడ్డు మధ్యలో మజ్జిగ పందిరి వేయాలన్నా కుదరదు. ఎన్ ప్రోటీన్ ఆ పందిరి లాంటిది. నట్‌ఆర్‌లోని బాక్స్‌బి అనే చిన్న ఆర్ఎన్ఏ హెయిర్‌పిన్‌ని పట్టుకుంటేనే అది నిలబడుతుంది. రైబోజోమ్ ఆ హెయిర్‌పిన్ మీదుగా నడిస్తే మడత విప్పేస్తుంది. మామూలుగా క్రో స్టాప్ కోడాన్ నట్‌ఆర్‌కి సరిగ్గా ముందే ఉంటుంది, రైబోజోమ్ అక్కడే దిగిపోతుంది. రైబోజోమ్ కాపలా అది ఉన్నంత మేరకే. ఎన్ తగిలిన పాలిమరేజ్ మాత్రం ఆ తర్వాత వచ్చే టర్మినేటర్లనూ (ఆగమనే గుర్తులు) దాటేస్తుంది, రో అవసరం లేనివాటితో సహా. అన్నట్టు 1969లో జెఫ్రీ రాబర్ట్స్ రోని కనిపెట్టింది లామ్డా డీఎన్ఏ మీద పని చేస్తూనే.

కిరణ్, పీహెచ్‌డీ
మాస్టారు చెప్పిందానికి ఒక మాట. నస్‌జి అనే ఈకోలై ప్రోటీన్ ఒక కొసతో పాలిమరేజ్‌ని పట్టుకుంటుంది. రెండో కొసని రైబోజోమ్‌లోని ఎస్10 ప్రోటీన్ పట్టుకోవచ్చు, రో కూడా పట్టుకోవచ్చు, ఇద్దరూ ఒకేసారి కాదు. తమాషా ఏంటంటే ఆ ఎస్10కే నస్‌ఇ అని ఇంకో పేరు. ఎన్ కట్టే కాంప్లెక్స్‌లో నస్‌బి అనే ఇంకో ప్రోటీన్‌తో కలిసి కూర్చునేది అదే. రమ్యా, క్వశ్చన్ వస్తే దీనిమీదే వస్తుంది. ఇంకోటి, ఇదంతా ఈకోలై లెక్క. బాసిల్లస్ సబ్టిలిస్ అనే ఇంకో బ్యాక్టీరియాలో పాలిమరేజ్ రైబోజోమ్‌ని వదిలేసి ముందుకు పరిగెడుతుంది, అక్కడ ఈ కాపలా కథ చెప్పకు.

రమ్య
థాంక్యూ మాస్టారూ, కిరణ్ గారూ. మా స్లైడ్‌లో ఎస్10, నస్‌ఇ రెండు వేర్వేరు ప్రోటీన్లుగా, రెండు రంగుల్లో వేశాను! ముందు అది చెరపాలి. మజ్జిగ పందిరి మాత్రం స్లైడ్‌లో పెట్టేస్తున్నా.