బీబీఎస్‌లో ఇద్దరాడే చదరంగం: ఎత్తు మాయమవుతోంది

కావలి నుంచి: లినక్స్ మీద సింక్రోనెట్ (బీబీఎస్, అంటే జనం దూరం నుంచి చేరే సందేశాల బోర్డు, నడిపే సాఫ్ట్‌వేర్), రెండు నోడ్లు, అంటే ఒకేసారి ఇద్దరు చేరొచ్చు. ఒంగోలు వాళ్లతో చదరంగం ఆడేదానికి పైథాన్‌లో డోర్ (బీబీఎస్ లోంచి నడిచే బయటి ప్రోగ్రామ్) రాశా. ఎత్తు వేసినా తెర కదల్లేదు, ఒక్కోసారి ఎదుటివాళ్ల ఎత్తే మాయం. ఏం చేయాలన్నా?

ఒంగోలు నుంచి: తెర సంగతి బఫరింగ్ తమ్ముడూ. అవుట్‌పుట్ పైపుకి పోతుంటే పైథాన్ అక్షరాలు పోగేసుకుని కూర్చుంటది. 'పైథాన్3 -యు' అని నడుపు. ఎస్‌సీఎఫ్‌జీలో (సింక్రోనెట్ సెట్టింగుల ప్రోగ్రామ్) మల్టిపుల్ కాంకరెంట్ యూజర్స్‌ 'యెస్' చెయ్యి, లేకుంటే ఒకరు ఆడుతుంటే రెండోవాళ్లు బయటే.

ఎత్తు మాయమయ్యేది ఇద్దరూ ఒకే ఫైలు మీద రాయబట్టి. ఆఖరున రాసినోళ్లదే నిలబడద్ది. ఆటకొక ఫైలు పెట్టు. ఎత్తు కొట్టాక లాక్ (ఒకరు రాసేటప్పుడు రెండోవాళ్లని ఆపేది) పట్టి, ఫైలు మళ్లీ చదివి, వంతు ఎవరిదో చూసి, తాత్కాలిక ఫైల్లో రాసి పేరు మార్చు. లాక్ మాత్రం వేరే ఫైలు మీద పట్టు. పేరు మార్చినాక పాత ఫైలు మీది లాక్ దేనికీ పనికిరాదు.

నెల్లూరు నుంచి: ఫెన్ వరుస (బోర్డు స్థితిని ఒక్క లైన్లో రాసేది) ఒక్కటే దాచబాక. క్యాస్లింగ్ హక్కు, ఆన్‌పసాన్ గడి అందులో ఉంటాయి గానీ, అదే స్థానం మూడోసారి వచ్చిందా అనేది తెలీదు. ఎత్తులన్నీ దాచాల్సిందే. పావులకి అక్షరాలే వాడు, బీబీఎస్ తెరల్లో వాడే పాత డాస్ అక్షరాల పట్టిక, కోడ్ పేజీ 437లో చదరంగం బొమ్మల్లేవు. గడికి 4 అక్షరాలు, 2 వరుసలు: 32×16. 80×24 తెరలో పక్కన ఎత్తుల పట్టీకి చోటుంటది.

కావలి నుంచి: తెర కదిలింది! లాక్ పట్టినప్పుడే లైను తెగితే?

ఒంగోలు నుంచి: ఎఫ్‌లాక్ (లినక్సే ఇచ్చే ఫైలు లాక్) అయితే ప్రాసెస్ చావగానే వదులుద్ది. ఉత్త ఫైలు సృష్టించి అదే లాక్ అనుకుంటే మాత్రం అది అక్కడే పడుంటది, చేత్తో తీసేయాలి.