పాపకు గ్రహణం మొర్రి, నింద చెల్లి మీద. బారసాల ఆపాలంటున్నారు

ఉప్పల్ అక్క: మా చెల్లికి పాప పుట్టింది. పై పెదవి, అంగిలి చీలి ఉన్నాయి. 2025 సెప్టెంబరు 7 రాత్రి గ్రహణం పట్టినప్పుడు చెల్లికి ఏడో నెల. కాళ్ళు చేతులు ముడవకుండా పడుకోమన్నారు. దాహమేసి లేచి నీళ్ళు తాగింది. అందుకే ఇలా అయిందని వాళ్ళ అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. ఆపరేషన్ అయ్యేదాకా బారసాల వద్దట, పాపను ఎవరికీ చూపించొద్దట. చెల్లి గది దాటి రావడం లేదు. ఇలాంటిది ఎదురైనవాళ్ళు ఉంటే చెప్పండి, పెద్దవాళ్ళతో ఎలా మాట్లాడారు?

పిల్లల వార్డు నర్సు: బిడ్డ పై పెదవి గర్భం నిలిచిన ఏడో వారానికల్లా కలిసిపోతుంది, అంగిలి మూడో నెల దాటేలోపే. ఏడో నెలలో నీళ్ళు తాగితే కలిసిన పెదవి చీలదు. ఈ మాట అత్తగారికి డాక్టరు నోటితో చెప్పించండి, మన మాట వినరు. జన్యువులు, ఫోలిక్ యాసిడ్ తక్కువ కావడం, కొన్ని ఫిట్స్ మందులు కారణం కావచ్చు. చాలామందిలో ఫలానా కారణమని తేలదు.

ఇప్పుడు అసలు సంగతి పాలు. పడుకోబెట్టి పట్టొద్దు. తల పైకి ఉండేలా ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పిండిన తల్లిపాలు ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టాలి. కాసిన్ని ముక్కులోంచి వస్తాయి, కంగారు పడకండి, కాసేపు ఆపండి. గాలి ఎక్కువ మింగుతారు కాబట్టి మధ్యమధ్యలో భుజాన వేసుకుని తేన్పు రానివ్వాలి. బరువు పెరుగుతోందో లేదో చూపిస్తూ ఉండండి. పెదవి ఆపరేషన్ మామూలుగా 3 నుంచి 6 నెలల మధ్య చేస్తారు, అంగిలిది ఏడాది అటూ ఇటూ.

బోయిన్‌పల్లి నాన్న: దాచిపెట్టడం మొదలైతే ఆగదండీ. మా బాబుకు బుద్ధి ఎదుగుదల తక్కువ. మా చెల్లెలి పెళ్ళిచూపులకు వాణ్ణి పక్కింట్లో కూర్చోబెట్టమన్నారు, సంబంధం తప్పిపోతుందని. తాయెత్తులు, దిష్టి తీయడాలు అన్నీ అయ్యాకే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఇలాంటి పిల్లల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థకు తీసుకెళ్ళనిచ్చారు. అక్కడ మా అమ్మను కూడా కూర్చోబెట్టి, చొక్కా గుండీ పెట్టుకోవడం వాడికి ఎలా నేర్పాలో చూపించారు. మా ఆవిడ ఏ పాపం చేసిందోనన్న మాట ఆ తర్వాత మా ఇంట్లో వినపడలేదు.

మౌలాలి: నాకు పోలియో, ఊతకర్రతో నడుస్తాను. మా వీధిలో ఒకావిడ నేను ఎదురైతే వెనక్కి వెళ్ళి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరుతుంది. రోజూ ఆఫీసుకెళ్ళే దారి అదే, నేనెక్కడికి పోవాలి? 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ప్రకారం, నలుగురిలో కావాలని అవమానిస్తే 6 నెలల నుంచి 5 ఏళ్ళ దాకా జైలు. కానీ పక్కింటివాళ్ళ మీద కేసు పెట్టి అదే వీధిలో బతకడం కష్టం.

అక్కా, బారసాల ఆపొద్దు. పాప ఏం తప్పు చేసింది?

మల్కాజ్‌గిరి: మీ చెల్లిది మేనరికమా? దగ్గరి రక్తసంబంధంలో కొన్ని జన్యులోపాలు ఎక్కువ. అలాంటివాటిలో లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే జబ్బు బయటపడుతుంది. మా అబ్బాయికి పుట్టుచెవుడు, అలాగే వచ్చిందని డాక్టర్లు చెప్పారు. అయినా మాటలు పడింది నేను, మా బావను ఒక్కరూ ఏమీ అనలేదు. రెండో కాన్పుకు ముందు నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగానికి ఇద్దరూ కలిసి వెళ్ళమనండి.

ఉప్పల్ అక్క: మేనరికం కాదండీ. పాల సంగతి ఇప్పుడే ఫోన్‌లో చెప్పాను, ఉగ్గుగిన్నె అమ్మ దగ్గర ఉంది. మరిది గారు డాక్టరు దగ్గరికి వాళ్ళమ్మను కూడా తీసుకెళ్తానన్నారు. బారసాలకు వాళ్ళు ఒప్పుకోకపోతే 21వ రోజు మా ఇంట్లోనే చేస్తాం, అందరినీ పిలుస్తాం.