అప్‌డేట్: ఎయిర్ రైఫిల్ గురి కుదరడం లేదన్న సమస్య తీరింది

పోయిన నెల కావలి నుంచి అడిగింది నేనే. కొత్తగా కొన్న .177 (4.5 మి.మీ. పెల్లెట్ సైజు) బ్రేక్ బ్యారెల్ (గొట్టాన్ని వంచి లోడ్ చేసే) స్ప్రింగ్ రైఫిల్, 10 మీటర్ల దూరంలో కూడా ఒక పెల్లెట్ ఇక్కడ, ఒకటి అక్కడ పడుతోందని. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) స్క్రూలు చూడమని ఒకన్న చెప్పిన మాటే నిజమైంది. నెల్లూరులో ఎయిర్ గన్లు బాగుచేసే ఆయన రైఫిల్ అందుకుని, ముందు చెక్కను పట్టుకుని అలా ఊపాడో లేదో టకటకమంది. ముందు వైపు స్క్రూలు రెండూ, ట్రిగ్గర్ గార్డ్ దగ్గరదీ వదులైపోయి ఉన్నాయి. స్ప్రింగ్ రైఫిల్ ప్రతి షాట్‌కీ వెనక్కీ ముందుకూ అదురుతుంది కాబట్టి కొత్తదాంట్లో కూడా ఇది మామూలేనట. నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక్కో చుక్క వేసి బిగించాడు. మరీ బిగిస్తే చెక్క నలుగుతుంది, జాగ్రత్త.

రెండోది పట్టు. ముందు చేత్తో గట్టిగా పట్టకుండా అరచేతి మీద ఊరికే ఆనించి కాలుస్తున్నా. ఇప్పుడు పెల్లెట్లు పడే గుంపంతా రూపాయి బిళ్ళలో ఇమిడిపోతోంది.

బ్రీచ్ సీల్‌కేమీ (గొట్టం మూసుకునే చోట గాలి లీకవకుండా ఆపే రింగు) కాలేదు. దాని పక్కన టిష్యూ పేపర్ ముక్క పెట్టి కాలిస్తే కదల్లేదు. స్కోప్ కొనమన్నారు గానీ అవసరం పడలేదు, రైఫిల్ మీద గురి చూసే మామూలు సైట్లు చాలు. మొదట్లో వచ్చిన పొగకు అనవసరంగా టెన్షన్ పడ్డా. అది ఫ్యాక్టరీలో పూసిన నూనె కాలడం, వాడేకొద్దీ దానంతటదే పోయింది. పొగ చూసి ఇంకాస్త నూనె మాత్రం పోయకండి.