సైకిల్ మీద దూరప్రయాణం: ఆ కల మీలో ఎప్పుడు రూపు కట్టింది?

ఎదురుగాలి:
మూడేళ్లుగా నా గది గోడకు ఒక పటం వేలాడుతోంది. దాని మీద ఎర్ర పెన్సిలుతో గీసిన 2000 కిలోమీటర్ల గీత. రోజూ దాన్ని చూసి పనికి వెళ్లిపోతున్నాను. ఒక్క రోజులో నేను తొక్కిన గరిష్ఠ దూరం 60 కిలోమీటర్లు. గీత గీసిన రోజు నుంచి బయలుదేరిన రోజు దాకా మీరెలా వచ్చారు? ఏ సామాను కొనాలో కాదు, మనసు ఎప్పుడు స్థిరపడిందో చెప్పండి.

పాతగొలుసు:
ఒక రాత్రి బయట పడుకుని వచ్చాక. శనివారం 70 కిలోమీటర్లు తొక్కి, గుడారంలో నిద్రపోయి, ఆదివారం తిరిగి వచ్చాను. రెండో రోజు ఉదయం సీటు మీద కూర్చున్నప్పుడే అసలు సంగతి తెలిసింది! బరువంతా వెనక చక్రం మీదే కట్టడంతో ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోయి, హ్యాండిల్ అటూ ఇటూ ఊగింది. ఇంటికి రాగానే సంచులు నేల మీద ఒంపి చూస్తే సగం వస్తువులను ముట్టుకోనే లేదు. వాటిని పక్కన పెట్టిన సాయంత్రమే, నేను వెళ్లగలనని మొదటిసారి నమ్మాను.

మైలురాయి:
మూడేళ్లు ఎక్కువేమీ కాదండి. ఐర్లండ్‌కు చెందిన డెర్వ్లా మర్ఫీకి పదో పుట్టినరోజున ఒక పాత సైకిలు, ఒక పాత అట్లాసు కానుకగా అందాయి. కొద్ది రోజులకే భారతదేశం దాకా తొక్కుకుంటూ వెళ్లాలని నిశ్చయించుకున్నారు. తల్లి అనారోగ్యం వల్ల ఏళ్లపాటు ఇల్లు వదల్లేకపోయినా, వీలు దొరికినప్పుడల్లా యూరప్‌లో చిన్న ప్రయాణాలు చేశారు. చివరికి 1963 జనవరిలో, 31 ఏళ్ల వయసులో బయలుదేరి భారతదేశం చేరారు. నా తండ్రి మంచాన ఉన్న కాలంలో ఆమె కథే నన్ను నిలబెట్టింది.

నిదానం:
నేను బ్రెవేల (నిర్ణీత సమయంలో పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణాల) దారిలో వచ్చాను. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో పూర్తి చేయాలి. చీకట్లో తొక్కడం, ఆకలి వేయకముందే తినడం అక్కడే అలవడ్డాయి. కానీ గడియారాన్ని చూసే అలవాటును వదిలించుకోవడానికి చాలా కాలం పట్టింది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. ఎదురుగాలిలో పంతానికి పోతే మోకాళ్లే బలి. మీ గీతను కిలోమీటర్లలో కాకుండా రోజుకు ఎన్ని గంటలు హాయిగా తొక్కగలరో దాన్ని బట్టి కొలవండి.

ఎదురుగాలి:
ఇంట్లో వాళ్ల భయం సంగతి?

మైలురాయి:
నా భార్యను మాటలతో ఒప్పించలేకపోయాను. దారిలో ఎక్కడెక్కడ ఆపేసి రైల్లోనో బస్సులోనో తిరిగి రావచ్చో ఇద్దరం కలిసి పటం మీద గుర్తులు పెట్టాం. రోజూ సాయంత్రం ఫోను చేయాలన్నది ఒప్పందం. గుర్తులు పెడుతూ పెడుతూ, ఒక నది దగ్గర అదనంగా ఒక రోజు ఆగమని తనే చెప్పింది.

ఎదురుగాలి:
ఎర్ర గీత మీద 70వ కిలోమీటరు దగ్గర ఇప్పుడే చుక్క పెట్టాను. వచ్చే శనివారం అక్కడే నిద్ర. ఈ రాత్రి ట్యూబుకు పంక్చర్ వేయడం నేర్చుకుంటున్నాను.

పాతగొలుసు:
చాలా సంతోషం! వెనక చక్రంతోనే సాధన చేయండి. గొలుసు, గేర్లు ఉన్నది అటువైపే.