అనసూయా, అనుసూయా?

మా నాయనమ్మ పేరు ఆధార్‌లో అనుసూయమ్మ, పొలం పాసుపుస్తకంలో అనసూయమ్మ. ఇద్దరూ ఒకరేనని కాగితం రాయించుకురమ్మంటే రెండు రోజులు తిరిగాం. ఆ గొడవ అటుంచండి, ఈ పేరుని చాలామంది 'అను' అనే రాస్తున్నారు కాబట్టి చెప్తున్నా, ఇందులో అనుభవం, అనుసరణ లాంటి మాటల్లోని 'అను' లేదు. అసూయ లేనిది అనసూయ. లేదు, కాదు అనే అర్థమిచ్చే 'న' హల్లు ముందు 'అ' అవుతుంది (అధర్మం), అచ్చు ముందు 'అన్' అవుతుంది. అంతం లేనిది అనంతం అయినట్టే ఇదీను.

అసలు రుచి అసూయలో ఉంది. ఈర్ష్య, అసూయ జంటగా వాడేసి రెండూ కుళ్లే అనుకుంటాం గానీ పాత సంస్కృత నిఘంటువు అమరకోశం విడదీసింది. ఈర్ష్య అంటే అక్షాంతి, అచ్చంగా మన ఓర్వలేనితనం. అసూయకేమో 'దోషారోపో గుణేష్వపి' అని చెప్పింది, అంటే మంచిలోనూ వంక పెట్టడం. పక్కింటావిడ పదిమందికి అన్నం పెడుతుంటే మనకి లోపల చివుక్కుమనడం ఈర్ష్య, 'ఆ, ఫొటోల కోసంలే' అనడం అసూయ. ఆ లెక్కన అనసూయ అంటే వంకలు పెట్టనిది. (మా నాయనమ్మ మాత్రం నేను పెట్టే కాఫీకి ఏనాడూ వంక పెట్టకుండా ఉండలేదు.)

— గీతలో 'ప్రవక్ష్యామ్యనసూయవే' అని ఉంది కదా మాస్టారూ, అదీ ఇదేనా?

— అదేనండీ, తొమ్మిదో అధ్యాయం మొదటి శ్లోకం. వంకలు వెతకవు కాబట్టి నీకీ రహస్యం చెప్తున్నా అని అర్జునుడితో అంటాడు. పాత ధర్మశాస్త్ర గ్రంథం గౌతమ ధర్మసూత్రం కూడా ఎనిమిది ఆత్మగుణాల్లో దయ, క్షాంతి (ఓర్పు) తర్వాత అనసూయనే చెప్పింది, ఆడవాళ్లకని కాదు, అందరికీ. పేరు మాత్రం ఆడపిల్లలకే మిగిలింది, అత్రి మహాముని భార్య వల్లనే అనుకుంటా. వాల్మీకి ఆవిడని తల నెరిసి, గాలికి అరటిచెట్టులా వణికే ముసలావిడగా చూపిస్తాడు. అంతటావిడ అడవికొచ్చిన సీతని దగ్గర కూర్చోబెట్టుకుని చీర, నగలు, మైపూత ఇచ్చి, అన్నీ పెట్టుకుని చూపించమని ముచ్చటపడుతుంది.

— జానపద గీతాలు పాడిన వింజమూరి అక్కచెల్లెళ్ల పేర్లూ సీత, అనసూయలే! ఇన్నాళ్లూ తట్టనేలేదు.