చలికాలం పిల్లగుర్రానికి లాడాలు తీసి వదిలేయొచ్చా?

చుక్క_పరకాల

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర ఊరు. బాపు చిన్నప్పటి నుంచి మా ఇంట్లో పెళ్లి బరాత్‌లకు గుర్రం పంపుతున్నాం. ఇప్పుడు రెండు ఉన్నాయి. పెద్దది బాద్‌షా, పన్నెండేళ్లు. దాని ముక్కు ముందు పటాకుల లడీ పేల్చినా చెవి కదపదు. రెండోది ఆడపిల్ల. నుదుటి మీద తెల్లమచ్చ ఉంటుంది కాబట్టి చుక్క అని పిలుస్తాం. మూడున్నరేళ్లు. ఎండాకాలంలో కొన్నాం. శ్రావణంలో మొదటిసారి లాడాలు కొట్టించి పెళ్లిళ్లకు దింపాం. ఇప్పటికి 11 బరాత్‌లు చేసింది.

పోయిన వారం లాడాలు మార్చడానికి నాల్‌బంద్ చాచా వచ్చాడు. ముందు ఎడమ డెక్క చూసి తల గోక్కున్నాడు. పాత మేకుల దగ్గర డెక్క గోడ, అంటే బయటి గట్టి పొర, పెచ్చులు లేచింది, కొత్త మేకు దిగడానికి గట్టి చోటే లేదు. ఎలాగో తంటాలు పడి కొట్టాడు గానీ, "దీన్ని కొన్నాళ్లు ఉత్తకాళ్లతో వదిలెయ్ బేటా" అన్నాడు. ఇంగ్లండ్‌లో గుర్రాల షెడ్డులో పని చేసే మా బావమరిది కూడా అదే మాట చెప్పాడు. అక్కడ పిల్లగుర్రాలకు ముందు జీను, మనిషి బరువు అలవాటు చేసి, కొద్దిరోజులు నడిపి, చలికాలం రాగానే లాడాలు పీకి మైదానంలోకి తోలేస్తారట.

బాపు ససేమిరా అంటున్నాడు. "పని చెయ్యకుండ ఉలవలు మాత్రం తింటదా?" అని అడుగుతున్నాడు. నేను మధ్యే మార్గంగా ధనుర్మాసం అనుకున్నా. ఆ నెల ఎలాగూ ముహూర్తాలు ఉండవు, మనకు నష్టం లేదు. ఆ ఒక్క నెల సరిపోతుందా? ఇంకో చిక్కు: సంక్రాంతికి ఐనవోలు జాతరకు గుర్రం కావాలని ఇద్దరు అప్పుడే అడిగి పెట్టారు. వదలడానికి మాకు రెండెకరాల పత్తి చేను ఉంది, ఏరడం అయిపోవచ్చింది. మేనమామ మామిడితోట కూడా ఉంది, ఎర్రనేల, మూడు కిలోమీటర్ల దూరం. ఎక్కడ వదలాలి? టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

లాడం_కరీంనగర్

అన్నా, మా తాత లాడాలు కొట్టేవాడు. నేను ఇప్పుడు సెల్ షాపు పెట్టుకున్నా గానీ చేతులు మర్చిపోలేదు.

ముందు ఒక స్కేలు తీసుకుని, మేకు బయటికి వచ్చిన చోటు నుంచి కింది అంచు దాకా కొలువు. దగ్గర దగ్గర 2 సెంటీమీటర్లు ఉంటుంది. డెక్క నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పాత బొక్కలు కిందికి దిగి అరిగిపోవాలంటే రెండు నుంచి మూడు నెలల పైనే పడుతుంది. ధనుర్మాసం ఒక్కటే ఇస్తే బొక్కలు సగం దూరం దిగడం కూడా కష్టమే. చాచా మళ్లీ అదే పెచ్చుల్లో మేకు కొట్టాలి. దానికంటే అసలు తీయకపోవడమే నయం. కార్తీకం అయ్యేలోపే తీసేయ్.

తీయడంలోనే చాలామంది చెడగొడతారు. డెక్క గోడ మీద మడిచి ఉన్న మేకు మొనలను ముందు ఆకురాయితో అరగదీయాలి, లేదా ఉలితో లేపి నిటారుగా చేయాలి. మడత విప్పకుండా పటకారుతో గుంజితే లాడంతో పాటు గోడ కూడా పెళ్లగా ఊడుతుంది. మడమ వైపు నుంచి మొదలుపెట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు కొద్దికొద్దిగా లేపుతూ ముందుకు రావాలి. తీశాక అంచును గుండ్రంగా అరగదీయించు. పదునుగా వదిలితే మొదటి రాయికే లేచిపోతుంది.

చాచా మంచివాడే కావచ్చు గానీ కత్తి చేతిలో ఉంటే అందరికీ అరికాలు తెల్లగా చెక్కాలనిపిస్తుంది. వద్దని చెప్పు. లాడం లేనప్పుడు ఆ మందమే దాని చెప్పు. మధ్యలో త్రికోణంగా ఉండే మెత్తటి భాగం ఉంటుంది కదా, దాని జోలికి కూడా పోనీయకు. ఊగులాడే ముక్క ఉంటే అదొక్కటి కోస్తే చాలు.

బరాత్_కింగ్_జగిత్యాల

ఇవన్నీ ఇంగ్లండ్ ముచ్చట్లు. అక్కడ గడ్డి మైదానాలు, ఇక్కడ మొరం రోడ్లు. మా గుర్రానికి తీస్తే మూడో రోజుకే కుంటింది. మళ్లీ కొట్టించే దాకా తిండి సరిగా తినలేదు.

రిటైర్డ్_వెటర్నరీ_హన్మకొండ

జగిత్యాల సోదరా, మీ గుర్రం కుంటింది ఎక్కడ? లాడాలు తీసిన మర్నాడే మొరం మీద నడిపించి ఉంటారు. కొత్తగా చెప్పులు వదిలిన మనిషి రాళ్ల మీద ఎలా నడుస్తాడో అదీ అంతే. ఇంగ్లండ్‌లో చలికాలం అంటే వానా బురదా. మనకు కార్తీకం నాటికే నేల ఆరిపోతుంది. డెక్క గట్టిపడటానికి నిజానికి మన చలికాలమే అనువైనది.

పరకాల తమ్ముడూ, నిన్ను ముందు కోప్పడాలి. మూడున్నరేళ్లంటే ఇంకా పాలపళ్లు కూడా పూర్తిగా ఊడవు. ముందుపళ్ల వరస చివర ఉండే మూలపళ్లు నాలుగున్నరేళ్ల దగ్గర మారతాయి, నోరు తెరిచి చూసుకో. ఆ పిల్ల మీద 80 కిలోల పెళ్లికొడుకు, వెనక డీజే, రెండు గంటల నిలుపు. కాలి కింది ఎముకలు తొందరగానే ముదురుతాయి గానీ వెన్నుపూస ఎదుగుదల అయిదారేళ్ల దాకా సాగుతుంది. లాడాలు తీసినా తీయకపోయినా దాని నడుముకు ఈ రెస్ట్ కావాలి.

పత్తి చేను మాత్రం వద్దు. కట్టె కొట్టాక మిగిలే మోళ్లు శూలాల్లా ఉంటాయి, ఉత్త అరికాలులో సూటిగా దిగుతాయి. అలా దిగితే ధనుర్వాతం భయం, మనిషికంటే గుర్రానికి ఆ ముప్పు ఎక్కువ. (ధనుర్మాసంలో ధనుర్వాతం తెచ్చుకోకు.) టీకా వేయించి ఎన్నాళ్లయిందో చూసుకుని, సందేహంగా ఉంటే లాడాలు తీసే ముందే వేయించు. మామిడితోట బాగుంటుంది. ఒకసారి తిరిగి పాత ఇనుప తీగలు, సీసాపెంకులు ఏరేయండి. పక్కన కోసిన జొన్న చేను ఉంటే అందులోకి పోకుండా కంచె చూసుకో, మోడు నుంచి మళ్లీ వచ్చే లేత పిలకలు విషం.

ఉలవల గురించి మీ నాన్నగారి మాటలో న్యాయం ఉంది. పని లేని గుర్రానికి అదే దాణా పెడితే కడుపునొప్పో, డెక్కల లోపల వాపో వస్తుంది. వారం పది రోజుల్లో మెల్లగా తగ్గించి, ఎండుమేత కడుపునిండా వెయ్యి.

వెనకవి ముందు తీసి, వారం తర్వాత ముందువి తీయించు. బరువులో నూటికి 60 వంతులు ముందుకాళ్ల మీదే పడుతుంది. రోజూ డెక్క మీద చెయ్యి పెట్టి చూడు. ఒక్క డెక్కే వేడిగా ఉండి, ఆ కాలు మోపకపోతే లోపల చీము పట్టి ఉండొచ్చు, వెంటనే డాక్టర్‌ను పిలువు. ఎవరో చెప్పారని పాత ఇంజన్ ఆయిల్ పూయకు. ఇది నా సర్వీసు అంతా చూసిన దరిద్రం.

స్వారీ_నేర్చుకుంటున్నా

నాదో చిన్న డౌట్ డాక్టర్ గారూ. ఊళ్లలో ఇప్పుడు అన్నీ సీసీ రోడ్లే కదా. లాడం ఉన్న గుర్రమే వాటి మీద ఎక్కువ జారుతుందని మా ట్రైనర్ అంటారు. నిజమేనా?

రిటైర్డ్_వెటర్నరీ_హన్మకొండ

నిజమేనమ్మా. నున్నటి సిమెంటు మీద ఇనుము జారుతుంది, డెక్క పట్టు ఇస్తుంది. కానీ రోజూ గరుకు రోడ్డు మీద నడిపిస్తే పెరిగేదానికంటే అరిగేది ఎక్కువవుతుంది. లాడం పుట్టిందే ఆ అరుగుదల కోసం. నెలకు నాలుగు బరాత్‌లు, అదీ నడకే అయితే ఎంత అరుగుతుందో చూసి నిర్ణయించుకోవచ్చు.

చుక్క_పరకాల

అందరికీ థాంక్స్. డాక్టర్ సాబ్, తిట్లు బాపుకు చదివి వినిపించా. "ఎవరాయన?" అన్నాడు, తర్వాత మాట్లాడలేదు. వెళ్లి చుక్క పళ్లు మాత్రం చూశాడు.

చుక్క_పరకాల (ఫిబ్రవరిలో)

చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు, అందుకే రాస్తున్నా.

నవంబర్ మూడో వారంలో వెనకవి, నాలుగో వారంలో ముందువి తీయించాం. చాచా అంచులు గుండ్రంగా చేశాడు. అరికాలు చెక్కొద్దంటే నవ్వి, కత్తి సంచిలో పెట్టేశాడు. తోట గేటు ముందు పది గజాల కంకర ఉంది. మొదటి నాలుగు రోజులు అక్కడ ముళ్ల మీద నడిచినట్టు నడిచింది. ఆ చోట పాత గోనెసంచులు పరిచా. లోపల ఎర్రమట్టి మీద ఏ ఇబ్బందీ లేదు. మూడో రోజే మేనమామ మేకపిల్లల వెంట పరుగు పెట్టింది.

డిసెంబర్ మధ్యలో ముందు ఎడమ డెక్క నుంచి రూపాయి బిళ్లంత ముక్క ఊడింది. బాపు దాన్ని జేబులో వేసుకుని ఇంటికి తెచ్చి, "చూడు నీ ఇంగ్లండ్" అని నా ముందు పెట్టాడు. నా గుండె జారింది. ఫొటో పంపితే, పాత మేకు బొక్కల వరసలోనే ఊడింది, పైన గోడ బాగుంది, అంచు అరగదీయించమని డాక్టర్ సాబ్ చెప్పారు. అంతే, కుంటలేదు.

ఐనవోలుకు బాద్‌షాను పంపాం. రెండో మనిషికి లేదని చెప్పాను. ఆయన ఇంకా నాతో మాట్లాడటం లేదు. మార్గశిరంలో ఒకే రోజు రెండు బరాత్‌లు పడినప్పుడు ఒకటి వదులుకున్నాం. ఆ డబ్బు లెక్క ఇంట్లో ఇప్పటికీ రోజుకోసారి వినపడుతుంది.

నిన్న స్కేలు పెట్టి కొలిచా. మూడు డెక్కల్లో బొక్కలు పూర్తిగా పోయాయి. ముందు ఎడమ దానిలో మడమ వైపు ఒక్కటి మిగిలింది, అదీ అంచుకు వచ్చేసింది. కొత్తగా దిగిన గోడ నున్నగా, గీతలు లేకుండా ఉంది. మడమలు కూడా కొంచెం వెడల్పయినట్టు అనిపిస్తోంది, అది నా ఆశ కూడా కావచ్చు.

ఇక నుంచి చుక్కను ఎదుర్కోళ్లకు మాత్రమే పంపుతాం, అరగంట పని. రాత్రి బరాత్‌లన్నీ బాద్‌షావే. సోమవారం చాచా వస్తున్నాడు. ముందుకాళ్లకే లాడాలు, వెనకవి అలాగే ఉంచుదామంటే బాపు ఈసారి ఒక్క మాట అనకుండా ఒప్పుకున్నాడు. రెండు లాడాల డబ్బు మిగులుతుందని.