చిన్న మాస్టడాన్ సర్వర్, సైడ్‌కిక్ క్యూ గంటల కొద్దీ వెనకపడుతోంది. పెద్ద వీపీఎస్ కొనాలా?

కొల్లేటి_కొంగ:

మేం కొంతమంది స్నేహితులం కలిసి తెలుగువాళ్ల కోసం చిన్న మాస్టడాన్ సర్వర్ (ట్విట్టర్ లాంటిదే, కాకపోతే ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకుంటూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నెట్‌వర్క్) నడుపుతున్నాం. ఖాతాలు నూటయాభై లోపే, రోజూ వచ్చేవాళ్లు అందులో సగం కూడా ఉండరు. 4 జీబీ ర్యామ్, 2 కోర్ల వీపీఎస్ (అద్దెకి తీసుకున్న వర్చువల్ సర్వర్), డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, రెడిస్, వెబ్ సర్వర్ ప్యూమా, వెనకాల పనులు క్యూలో పెట్టి చేసే సైడ్‌కిక్ అన్నీ దాని మీదే. మొన్నటిదాకా ఏ గొడవా లేదు. ఈమధ్య మా దగ్గర పక్షుల ఫొటోలు పెట్టే ఒకావిడకి బయటి సర్వర్ల నుంచి ఫాలోయర్లు విపరీతంగా పెరిగారు. ఆవిడ ఒక పోస్టు పెడితే చాలు, మిగతావాళ్ల పోస్టులు బయటికి వెళ్లడానికి గంటలు పడుతోంది, పొద్దున ఎవరో ఇచ్చిన జవాబు సాయంత్రానికి గానీ కనపడట్లేదు.

డిస్కు కూడా నిండిపోతోంది, మావాళ్లు పెట్టిన ఫొటోలన్నీ కలిపినా 3 జీబీ ఉండవు, మరి మిగతాదంతా ఏంటో! హోస్టింగ్ సపోర్ట్‌ని అడిగితే 8 జీబీ ప్లాన్‌కి మారమన్నారు (వాళ్లు ఇంకేం చెప్తారు). చందాలతో నడిచే సర్వర్, నెలనెలా ఖర్చు రెట్టింపంటే అందరినీ అడగడానికి మొహమాటం. అన్నట్టు, ఫీడ్ బోసిగా ఉంటోందని రెండు పెద్ద రిలేలు (చేరిన సర్వర్ల పబ్లిక్ పోస్టులన్నీ అందరికీ పంచేవి) కూడా తగిలించాం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

---

క్యూలో_నిలబడ్డవాడు:

డబ్బు కట్టే ముందు సైడ్‌కిక్ డాష్‌బోర్డు తెరిచి ఏ క్యూ ఆగిందో చూడండి. ఎన్ని జాబ్‌లు (చేయాల్సిన పనులు) ఉన్నాయన్నది కాదు, లేటెన్సీ (పని ఎంతసేపటి నుంచి ఆగి ఉందో) అని ఉంటుంది చూశారా, అదే ముఖ్యం. పుష్ ఆగితే మీ పోస్టులు బయటికి వెళ్లట్లేదు, ఇంగ్రెస్ ఆగితే బయటివి లోపలికి రావట్లేదు, పుల్ అంటే అవతలి సర్వర్ల నుంచి తెచ్చుకునే పని, అది కాస్త వెనకపడినా ఎవరూ ఏడవరు.

మీ ఖాతాలు నూటయాభై అన్నది అసలు లెక్కే కాదు. ఆవిడ ఫాలోయర్లు ఎన్ని సర్వర్లలో ఉన్నారన్నదే లెక్క. ఒకే సర్వర్‌లో వెయ్యిమంది ఉన్నా షేర్డ్ ఇన్‌బాక్స్ (సర్వర్ మొత్తానికీ ఒకే పోస్టుడబ్బా) వల్ల ఒక్కసారి పంపితే సరిపోతుంది, అదే వాళ్లు 2 వేల సర్వర్లలో ఉంటే ఒక్క పోస్టుకి 2 వేల జాబ్‌లు, ప్రతిదానికీ డిజిటల్ సంతకం పెట్టి హెచ్‌టీటీపీలో పంపాలి. కింద కామెంట్లకి ఆవిడ ఓపిగ్గా అందరికీ పబ్లిక్‌గా థాంక్స్ చెప్తుంటే ప్రతి థాంక్స్‌కీ మళ్లీ చాంతాడంత క్యూ. అవతల చచ్చిపోయిన సర్వర్లుంటే టైమవుట్ అయ్యేదాకా థ్రెడ్ (ఒకసారికి ఒక జాబ్ చేసే పనివాడు అనుకోండి) అక్కడే కూర్చుంటుంది. వరసగా కాకపోయినా 7 రోజులు డెలివరీ ఫెయిలైతే గానీ మాస్టడాన్ దాన్ని వదిలేయదు.

కాబట్టి సైడ్‌కిక్‌ని రెండు ప్రాసెస్‌లుగా విడగొట్టండి. ఒకటి డిఫాల్ట్ (నోటిఫికేషన్ల లాంటి మామూలు పనులు), ఇంగ్రెస్, మెయిలర్స్‌కి (ఈమెయిళ్లు), ఇంకోటి పుష్, పుల్‌కి. ఆవిడ పోస్టు పెట్టినా మిగతావాళ్ల నోటిఫికేషన్లు ఆగవు. షెడ్యూలర్ క్యూ (వేళకి జరగాల్సిన పనులు) మాత్రం ఒక్క ప్రాసెస్‌లోనే ఉండాలి, రెండింటిలో పెడితే వేరే తలనొప్పులు. ఒకే ప్రాసెస్‌కి 60, 80 థ్రెడ్లు ఇచ్చేవాళ్లున్నారు, రూబీలో ఒక ప్రాసెస్ ఒక కోర్‌ని మించి వాడుకోలేదు గనక దానివల్ల పెద్దగా ఒరిగేదేం లేదు. థ్రెడ్లు పెంచితే డీబీ_పూల్ (డేటాబేస్‌కి వాడే కనెక్షన్ల సంఖ్య) కూడా అంతే పెంచండి, లేకపోతే కనెక్షన్ ఎర్రర్లు మొదలవుతాయి. పోస్ట్‌గ్రెస్ మామూలుగా 100 కనెక్షన్లు ఇస్తుంది, మీ స్థాయికి పీజీబౌన్సర్ (కనెక్షన్లు పంచిపెట్టే టూల్) అక్కర్లేదు.

రిలేలు ఇవాళే తీసేయండి. అవతలి సభ్య సర్వర్లలో ఎవరు ఏ పబ్లిక్ పోస్టు రాసినా అది మీ ఇంగ్రెస్‌లోకి వస్తుంది, మీ డేటాబేస్‌లో పడుతుంది, రాసినవాళ్ల ప్రొఫైల్ ఫొటో, బ్యానర్‌తో సహా మీ డిస్కులో చేరుతుంది. మీరు అడిగిన ఆ మిగతాదంతా చాలావరకు ఇదే.

---

తేలిక_సర్వర్:

ఇంత చాకిరీ దేనికి బ్రో, గోటూసోషల్‌కి (మాస్టడాన్ సర్వర్లతో మాట్లాడే ఇంకో తేలిక సాఫ్ట్‌వేర్) మారిపోండి. గో భాషలో రాసింది, ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తో కూడా నడుస్తుంది, 350 ఎంబీ ర్యామ్ లోపే సరిపోతుంది. నాది 1 జీబీ మెషీన్ మీద హాయిగా నడుస్తోంది. తనకంటూ వెబ్ క్లయింట్ లేదు, టస్కీ, ఫ్యాన్‌పీ లాంటి యాప్‌లు వాడుకోవాలి, అంతే తేడా.

---

క్యూలో_నిలబడ్డవాడు:

@తేలిక_సర్వర్ కొత్తగా పెట్టేవాళ్లకైతే నేనూ అదే చెప్తాను. కానీ నడుస్తున్న డొమైన్ మీద సాఫ్ట్‌వేర్ మార్చడం అనుకున్నంత తేలిక కాదు. ప్రతి ఖాతా చిరునామా, దాని పబ్లిక్ కీ (సంతకం సరిచూసే తాళం లాంటిది) వేల సర్వర్లు దాచుకుని ఉంటాయి, అదే పేరుతో వేరే కీ కనిపిస్తే చాలా చోట్ల సంతకాలు చెల్లవు, ఫాలోలు తెగిపోతాయి. వేరే డొమైన్‌లో పెట్టి ఖాతాలు మూవ్ చేయాలి. అలా చేస్తే ఫాలోయర్లు వస్తారు, పాత పోస్టులు రావు. ఆ పక్షుల ఫొటోలన్నీ వదిలేసి రమ్మని ఆవిడకి ఎవరు చెప్తారు?

---

డిస్కు_డాక్టర్:

డిస్కు సంగతి నేను చెప్తా. టూట్‌సీటీఎల్‌లో (మాస్టడాన్ కమాండ్ టూల్) మీడియా యూసేజ్ అని కొడితే ఎంత మీది, ఎంత బయటిది తెలుస్తుంది. మీడియా రిమూవ్‌తో పాత బయటి ఫొటోలు పోతాయి, ప్రొఫైల్ ఫొటోలు మాత్రం దానితో పోవు, ప్రూన్ ప్రొఫైల్స్ ఆప్షన్ విడిగా ఇవ్వాలి, చాలామందికి ఇది తెలియదు. అడ్మిన్ సెట్టింగుల్లో కంటెంట్ రిటెన్షన్‌లో మీడియా క్యాష్‌కి 7 రోజులు పెట్టేస్తే రోజూ అదే తుడుస్తుంది. ఆ తర్వాతా పెరుగుతుంటే ఎస్3 తరహా ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కి (ఫైళ్లు దాచే క్లౌడ్ చోటు) మార్చండి, ర్యామ్ కొనడం కంటే చవక.

ఇంకోటి, డిస్కు స్పీడు కూడా చూడండి. 2022 నవంబర్లో ట్విట్టర్ నుంచి జనం వచ్చిపడ్డప్పుడు హ్యాకీడెర్మ్ అనే మాస్టడాన్ సర్వర్ ఇంటి బేస్‌మెంట్‌లోని మెషీన్ల మీద నడిచేది, 30 వేలమంది చేరారు. డేటాబేస్, మీడియా ఉన్న మెషీన్‌లో డిస్కులే నెమ్మదించి క్యూలన్నీ దాని వెనకే ఆగాయి, చివరికి హెట్జ్‌నర్ అనే హోస్టింగ్ కంపెనీకి తరలించారు. మీది అంత పెద్దది కాదు గానీ, పోస్ట్‌గ్రెస్ డిస్కు కోసం ఎదురుచూస్తుంటే సైడ్‌కిక్‌కి ఎన్ని థ్రెడ్లు ఇచ్చినా అన్నీ కలిసి ఎదురుచూస్తాయి, అంతే.

---

కొల్లేటి_కొంగ:

అన్నా, చాలా థాంక్స్. చూశాను, పుష్ లేటెన్సీయే 2 గంటలు దాటి ఉంది, ఇంగ్రెస్ కూడా వెనకే. రిలేలు తీసేసి ప్రాసెస్‌లు విడగొట్టాను, నోటిఫికేషన్లు వెంటనే వస్తున్నాయి, ఆవిడ పోస్టు పెట్టినప్పుడు పుష్ ఇప్పటికీ కాసేపు పెరుగుతుంది గానీ తగ్గిపోతోంది. 8 జీబీ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాం. కానీ రిలే పోయాక హ్యాష్‌ట్యాగ్ పేజీలు మళ్లీ ఎడారి. దానికేమైనా ఉందా?

---

ఊరి_అడ్మిన్:

ఫెడిబజ్ రిలే చూడండి, కావలసిన హ్యాష్‌ట్యాగ్ ఒక్కటే ఎంచుకుని రప్పించుకోవచ్చు. తెలుగు, పక్షులు, క్రికెట్ లాంటివి నాలుగైదు పెట్టుకుంటే సరి. క్రికెట్ మ్యాచ్ రోజు మాత్రం ఇంగ్రెస్ మీద ఓ కన్నేయండి.

అడగకపోయినా ఒక మాట. రిజిస్ట్రేషన్లు అందరికీ తెరిచి ఉంటే అప్రూవల్‌కి మార్చండి. 2024 ఫిబ్రవరిలో స్పామ్ దాడి జరిగినప్పుడు స్పామర్లు వాడుకున్నవి ఎక్కువగా ఎవరూ పట్టించుకోని చిన్న సర్వర్లే. ఆ తర్వాతే, మోడరేటర్లు వారంపాటు కనపడకపోతే రిజిస్ట్రేషన్లని అప్రూవల్‌కి మార్చేలా మాస్టడాన్‌లోనే పెట్టారు. క్యూ సమస్యకి సైడ్‌కిక్ ఉంది, పండగకి ఊరెళ్లినప్పుడు రిపోర్టులు చూడ్డానికి మీకెవరున్నారు? రెండో అడ్మిన్ లేకపోతే ముందు అది చూడండి. డాట్ ఈఎన్‌వీ ప్రొడక్షన్ ఫైలు (సర్వర్ సెట్టింగులు, రహస్య కీలు ఉండేది), డేటాబేస్ డంపు వాళ్ల దగ్గర కూడా ఒక కాపీ ఉంచండి.